టర్బో పెట్టిన 5.3 షెవీ ఇంజన్‌కు తక్కువ ఖర్చులో, ఎక్కువ కాలం మన్నే వాల్వ్ స్ప్రింగులు ఏవి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. 2004 షెవర్లే (షెవీ) సిల్వరాడో ట్రక్కులోంచి తీసిన 5.3 లీటర్ల ఇంజన్ మీ దగ్గర ఉంది. హెడ్లు (ఇంజన్ పైన వాల్వులు ఉండే భాగాలు) దానితో వచ్చినవే. వాల్వులను తెరిచే క్యామ్ మారుస్తున్నారు, వాల్వ్ దగ్గర లిఫ్ట్, అంటే వాల్వ్ తెరుచుకునే దూరం, 0.585 అంగుళాలు. చిన్న టర్బో పెట్టి 10 పీఎస్ఐ (చదరపు అంగుళానికి 10 పౌండ్లు) దాకా బూస్ట్, అంటే అదనపు గాలి ప్రెషర్, ఇస్తారు, 6,800 ఆర్‌పీఎం దాకా తిప్పుతారు. వారాంతంలో ట్రాక్, మిగతా రోజుల్లో అదే బండి మీద ఆఫీసు. ఆన్‌లైన్‌లో పేరు లేని 16 స్ప్రింగుల సెట్టు 60 డాలర్లకు కనిపిస్తోంది. పేరున్న కంపెనీల సింగిల్ స్ప్రింగులు 150 పైన, డబుల్ స్ప్రింగుల (ఒకదాని లోపల ఒకటి ఉండేవి) కిట్టు 350 దాకా ఉన్నాయి. డబ్బు వృథా కాకుండా ఏది తీసుకోవాలి?

సూటిగా చెబుతాను. పేరున్న కంపెనీ బీహైవ్ (తేనెతుట్టె ఆకారపు) సింగిల్ స్ప్రింగులు తీసుకోండి. 1.800 అంగుళాల ఎత్తులో బిగించినప్పుడు సీటు మీద, అంటే మూసుకున్న వాల్వును స్ప్రింగు దాని సీటుకు నొక్కే బలం, 130 పౌండ్ల దగ్గర ఉండాలి. 0.600 లిఫ్ట్‌కు పనికొస్తుందని తయారీదారు కాగితం మీద రాసి ఉండాలి. 60 డాలర్ల సెట్టు వద్దు. మీరు చెప్పిన వాడకానికి డబుల్ స్ప్రింగులు అవసరం లేదు. అక్కడ మిగిలే డబ్బుతో గట్టి పుష్ రాడ్లు, కొత్త వాల్వ్ సీళ్లు, ఒక షిమ్ముల (స్ప్రింగు కింద పెట్టే పలచని వాషర్లు) ప్యాకెట్టు కొనండి. స్ప్రింగు ఎన్నాళ్లు మన్నుతుందనేది దాని ధర కన్నా, మీ క్యామ్‌కు అది ఎంత సరిగ్గా కుదిరింది, ఎంత కొలిచి బిగించారు అన్నదాని మీద ఎక్కువ ఆధారపడి ఉంటుంది.

నేను ఈ పని నేర్చుకున్నది విజయవాడ ఆటోనగర్‌లో, నాన్న నడిపిన హెడ్ వర్క్ షెడ్డులో. అక్కడ లారీ ఇంజన్లు. ఇప్పుడు పద్నాలుగేళ్లుగా హ్యూస్టన్‌లో ఒక మెషిన్ షాపులో హెడ్ల బెంచి మీదే నా పని. మీలాంటి 5.3లు నెలకు నాలుగైదు వస్తాయి.

ముందు మీ ఇంజన్‌లో ఉన్న పాత స్ప్రింగులు ఎందుకు పనికిరావో చూద్దాం. కొత్తగా ఉన్నప్పుడు అవి సీటు మీద ఇచ్చేదే 76 పౌండ్ల దగ్గర. ఇరవై ఏళ్లు నడిచాక అదీ ఉండదు. ఈ హెడ్లలో ఇన్‌టేక్ వాల్వ్ వ్యాసం 1.89 అంగుళాలు, అంటే వైశాల్యం 2.8 చదరపు అంగుళాలు. 10 పీఎస్ఐ బూస్ట్ ఇస్తే ఆ వాల్వును వెనక నుంచి 28 పౌండ్ల బలం తెరవడానికి తోస్తుంది. ఎగ్జాస్ట్ వైపు ఇంకా కష్టం. చిన్న టర్బోల్లో టర్బైన్ ముందు పోగయ్యే ప్రెషర్ బూస్ట్‌కు రెట్టింపు దాకా వెళ్లడం మామూలే. 20 పీఎస్ఐ అనుకుంటే 1.55 అంగుళాల ఎగ్జాస్ట్ వాల్వ్ మీద 38 పౌండ్లు పడుతుంది. 76లో 38 పోతే మిగిలేది సగం. ఆ సగంతో 6,800 దగ్గర వాల్వును సీటు మీద ఆపడం జరిగే పని కాదు. అదే 130 పౌండ్ల స్ప్రింగు అయితే ఆ 38 పోయినా 92 ఉంటుంది.

స్ప్రింగు పని వాల్వును మూయడమే అనుకుంటాం. దానికి అంతకన్నా పెద్ద పని ఉంది. క్యామ్ కదలికను వాల్వుకు చేరవేసే లిఫ్టర్, పుష్ రాడ్, రాకర్, ఆ వాల్వ్ మొత్తం క్యామ్‌ను వదలకుండా అంటిపెట్టుకుని ఉండేలా చూడాలి. క్యామ్ కొన దాటేటప్పుడు వాల్వ్ వచ్చిన వేగంతో ఇంకా ముందుకే పోవాలని చూస్తుంది, స్ప్రింగు దాన్ని వెనక్కి లాగాలి. లాగలేకపోతే రాకర్ గాల్లోకి లేస్తుంది. దిగేటప్పుడు వాల్వ్ సీటుకు కొట్టుకుని ఎగురుతుంది. దీన్నే వాల్వ్ ఫ్లోట్ అంటాం.

పోయిన వేసవిలో ఒకాయన టర్బో ట్రక్కు తెచ్చాడు. డైనో (పవర్ కొలిచే యంత్రం) మీద 6,000 దాటగానే పవర్ గీత అలలు అలలుగా వణుకుతోంది. అప్పటికే ప్లగ్గులు, కాయిళ్లు, ఫ్యూయల్ పంపు మార్చేశాడు, 700 డాలర్ల దాకా పోయాయట. క్యామ్ మార్చి స్ప్రింగులు మాత్రం పాతవే ఉంచాడు. ఒకటి తీసి టెస్టర్ మీద పెడితే 64 పౌండ్లు చూపించింది. స్ప్రింగులు మార్చాక గీత 6,600 దాకా నున్నగా వెళ్లింది. ఇంజన్‌లో ఇంకేమీ ముట్టుకోలేదు.

సరే, ఎక్కువ ప్రెషర్ ఉన్నది కొంటే పోలేదా? ఇది అందరూ అడిగేదే. పోలేదు. ప్రతి అదనపు పౌండునూ రాకర్, పుష్ రాడ్, లిఫ్టర్, క్యామ్ మోయాలి. మీ ఇంజన్ రాకర్ల మధ్యలో సూదుల్లాంటి సన్నని బేరింగులు ఉంటాయి. లోడ్ పెరిగేకొద్దీ వాటికి ఆయుష్షు తగ్గుతుంది. ఒక కుర్రాడు 0.560 లిఫ్ట్ క్యామ్‌కు బాగా గట్టి డబుల్ స్ప్రింగులు వేయించుకున్నాడు. వేసింది మేము కాదు. 9,000 మైళ్లకు టిక్ టిక్ మని చప్పుడొస్తోందని మా దగ్గరికి తెచ్చాడు. ఆయిల్ పాన్ దించి అడుగున వేలు పెట్టి తీస్తే, జిగురు మసి మధ్యలో సూదులు మెరుస్తూ వేలికి అంటుకొచ్చాయి. పదకొండు లెక్కపెట్టాను. రెండు రాకర్లు పోయాయి. ఆ క్యామ్‌కు అంత స్ప్రింగు అక్కర్లేదు. పైగా మీ ఇంజన్‌లో ఉన్నవి హైడ్రాలిక్ లిఫ్టర్లు. స్ప్రింగు మరీ బలంగా ఉంటే లిఫ్టర్ లోపలి ప్లంజర్ కిందికి అణిగి నూనె వదిలేస్తుంది. లిఫ్ట్ కోసం డబ్బు పెట్టి, ఆ లిఫ్టే కొంత పోగొట్టుకున్నట్టు అవుతుంది.

ఎంత కావాలో లెక్క సులువే. సీటు ప్రెషర్‌కు, స్ప్రింగు రేటును (అంగుళం అణచడానికి పట్టే బలం) లిఫ్ట్‌తో గుణించి కలపండి. రేటు అంగుళానికి 310 పౌండ్లు అనుకుందాం. 0.585తో గుణిస్తే 181. దానికి 130 కలిపితే వాల్వ్ పూర్తిగా తెరిచినప్పుడు 311 పౌండ్లు. మీ లిఫ్టర్లు, రాకర్లు దీన్ని హాయిగా మోస్తాయి. తెరిచినప్పుడు 400 దాటే స్ప్రింగు అయితే రాకర్లలో సూదుల బదులు వేసే బుష్ కిట్టు, వేరే లిఫ్టర్లు, మందమైన పుష్ రాడ్లు అన్నీ కలిపి లెక్క వేసుకోవాలి. అప్పుడది తక్కువ ఖర్చు ఎలా అవుతుంది?

క్యామ్ తయారుచేసిన వాళ్లకు ఫోన్ చేయడం మాత్రం మానొద్దు. ఒకే లిఫ్ట్ ఉన్న రెండు క్యామ్‌లలో ఒకటి వాల్వును మెల్లగా ఎత్తుతుంది, ఇంకొకటి విసిరేసినట్టు ఎత్తుతుంది. రెండో దానికి స్ప్రింగు గట్టిగా కావాలి. ఆ తేడా లిఫ్ట్ అంకెలో కనపడదు. ఏ స్ప్రింగుతో పరీక్షించారో వాళ్లనే అడగండి, చెబుతారు.

బీహైవ్ ఎందుకు? ఈ ఆకారం కింద వెడల్పుగా ఉండి పైకి వచ్చేసరికి సన్నబడుతుంది. పైన సన్నగా ఉంటే స్ప్రింగును వాల్వ్ కాడకు పట్టి ఉంచే రిటైనర్ చిన్నదవుతుంది, కదిలే బరువు తగ్గుతుంది. బరువు తగ్గితే తక్కువ ప్రెషర్‌తోనే ఎక్కువ ఆర్‌పీఎం తట్టుకుంటుంది. ఇంకో లాభం కంటికి కనపడదు. ప్రతి స్ప్రింగుకూ తనదైన ఒక ఊపు ఉంటుంది. ఇంజన్ వేగం దానితో కలిసిందంటే చుట్లు వాటంతటవే అలల్లా అటూ ఇటూ కొట్టుకుంటాయి. బీహైవ్‌లో చుట్ల వ్యాసం మారుతూ ఉంటుంది కాబట్టి అన్నీ ఒకే ఊపులో చిక్కవు. మీ ఇంజన్ కుటుంబానికి కంపెనీయే బీహైవ్ వేసింది, కాబట్టి హెడ్డులో ఏమీ కోయకుండా నేరుగా కూర్చుంటుంది.

క్యామ్ ఇంకా కొనకపోతే ఒక మాట. లిఫ్ట్ 0.550 లోపు ఉండే ట్రక్కు క్యామ్ తీసుకుంటే, కార్వెట్ జెడ్06 స్పోర్ట్స్ కారులో వచ్చిన ఎల్ఎస్6 ఇంజన్ స్ప్రింగులే సరిపోతాయి. అవి సీటు మీద 90 పౌండ్ల దగ్గర ఇస్తాయి, ధర 100 డాలర్ల లోపే. 2002లో ఆ ఇంజన్ 0.551 లిఫ్ట్‌తో, ఆ స్ప్రింగులతోనే 405 హార్స్ పవర్ ఇచ్చింది, కంపెనీ వారంటీతో. కాకపోతే దానికి బూస్ట్ లేదు. వాటితో వెళ్తే బూస్ట్ 7, 8 దగ్గర, తిప్పడం 6,300 దగ్గర ఆపుకోండి. ఆఫీసుకు తిరిగే బండికి నేనైతే ఇదే వేసుకుంటాను. టర్బో ఉన్నప్పుడు పవర్ కోసం అంత పెద్ద లిఫ్ట్ వెంట పడాల్సిన పని లేదు.

ఇక 60 డాలర్ల సెట్టు సంగతి. చూడటానికి బాగానే ఉంటుంది, రంగు కూడా పూసి ఉంటుంది. ఏం లోపం అని అడుగుతారు. లోపం కంటికి ఆనదు. ఒక్క లెక్క చూడండి. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే వాల్వ్ ఒకసారి తెరుచుకుంటుంది. హైవే మీద 2,000 ఆర్‌పీఎంతో గంట నడిపితే ఒక్కో స్ప్రింగు 60,000 సార్లు అణిగి లేస్తుంది. 6,800 దగ్గర సెకనుకు 57 సార్లు. ఒక ఏడాది తిరిగేసరికి కోట్లలో ఉంటుంది. అన్నిసార్లు వంగే తీగలో వెంట్రుక వాసి మలినం ఉన్నా పగులు అక్కడే మొదలవుతుంది. మంచి కంపెనీలు శుభ్రమైన క్రోమ్ సిలికాన్ తీగ వాడతాయి. తర్వాత సన్నని ఉక్కు గుళ్లతో పైపొరను కొడతాయి. అలా కొట్టిన పైపొర ఎప్పుడూ లోపలికి నొక్కుకుని ఉంటుంది కాబట్టి పగులు తొందరగా నోరు తెరవదు. మీరిచ్చే అదనపు 100 డాలర్లు ఈ తీగకూ, ఈ దెబ్బలకూ వెళ్తాయి.

ఒక కస్టమర్ తెచ్చిన పేరు లేని సెట్టును నేనే కొలిచాను. అన్నీ 1.800 దగ్గర పెడితే తక్కువది 108, ఎక్కువది 131. ఒకే పెట్టెలో 23 పౌండ్ల తేడా. ఏ సిలిండర్ ముందు తడబడుతుందో ముందే రాసిపెట్టినట్టు. పేరున్న సెట్లలో నాకు తేడా సాధారణంగా నాలుగైదు పౌండ్లు దాటదు. పేరున్నదే అయినా ఆన్‌లైన్ సంతల్లో ఎవరో తెలియని అమ్మకందారు దగ్గర కొనకండి, నకిలీ పెట్టెలు వస్తున్నాయి. ఆ కంపెనీ తన సైటులో పేరు పెట్టిన డీలర్ దగ్గరే తీసుకోండి.

మంచి స్ప్రింగు కూడా చేతి తప్పుతో విరుగుతుంది. నా అనుభవమే చెబుతాను. ఎనిమిదేళ్ల కిందట, ఒక కొత్త బీహైవ్ సెట్టును బ్రేక్ క్లీనర్‌తో కడిగి, నూనె పూయకుండా బెంచి మీదే వదిలేసి శుక్రవారం ఇంటికి వెళ్లిపోయాను. హ్యూస్టన్ గాలి సంగతి మీకు తెలుసు, విశాఖ సముద్రపు ఒడ్డుకు ఏమీ తీసిపోదు. సోమవారం వచ్చేసరికి రెండు మూడింటి మీద ఎర్రటి చుక్కలు. గుడ్డతో తుడిచాను, పోయాయి, బిగించేశాను. నాలుగు నెలలకు కస్టమర్ ఫోన్, ఇంజన్ మిస్ కొడుతోందని. మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ స్ప్రింగు పైనుంచి రెండో చుట్టు దగ్గర విరిగి ఉంది. విరిగిన చుట్లు ఒకదాంట్లో ఒకటి ఇరుక్కోబట్టి వాల్వ్ లోపలికి జారలేదు. జారి ఉంటే పిస్టన్, హెడ్డు రెండూ పోయేవి.

ఆ ముక్కను భూతద్దం కింద పెట్టి చూశాను. విరిగిన ముఖం అంతా బూడిద రంగు. ఒక అంచున మాత్రం గసగసాల గింజంత గోధుమ రంగు చుక్క. ఆ చుక్క చుట్టూ, గవ్వ మీద గీతల్లాగా ఒకదాని వెనక ఒకటి వంపు గీతలు. పగులు అక్కడ పుట్టి, రోజుకు ఇంత చొప్పున లోపలికి నడిచింది. నేను గుడ్డతో తుడిచిన తుప్పే అది. పైన ఎరుపు పోయింది, కింద గుంట ఉండిపోయింది. 16 స్ప్రింగులూ నా డబ్బుతో మార్చి ఇచ్చాను. ఆ ముక్క ఇప్పటికీ నా టూల్ బాక్స్ పై అరలో ఉంది, కొత్తగా చేరిన కుర్రాళ్లకు మొదటి రోజే చూపిస్తాను.

కాబట్టి స్ప్రింగులను ఎప్పుడూ నూనెలోనే ఉంచండి, ప్లయర్స్‌తో చుట్లను పట్టుకోకండి, స్క్రూడ్రైవర్‌తో తన్నకండి. ఒక్క గీత చాలు.

ఇక కొలతలు. అసలు శ్రమ పెట్టాల్సింది ఇక్కడే. మొదటిది బిగించిన ఎత్తు. కాగితం మీద 1.800 అని ఉంటుంది. కానీ ఎవరైనా ఇంతకుముందు వాల్వులు గ్రైండ్ చేసి సీట్లు కోసి ఉంటే, వాల్వ్ లోపలికి దిగి కాడ పైకి వస్తుంది, ఎత్తు పెరుగుతుంది. 0.030 అంగుళం పెరిగితే మన 310 రేటు స్ప్రింగుకు 9 పౌండ్లు పోయినట్టే. హైట్ మైక్రోమీటర్‌తో 16 చోట్లా కొలిచి, ఒక్కోదానికి ఎంత షిమ్ము కావాలో రాసుకోండి. 0.015, 0.030, 0.060 సైజుల్లో షిమ్ములు దొరుకుతాయి.

రెండోది కాయిల్ బైండ్, అంటే చుట్టుకు చుట్టు అంటుకుని స్ప్రింగు ముద్దైపోయే ఎత్తు. ఉదాహరణకు అది 1.100 అనుకుందాం. 1.800లో 0.585 తీసేస్తే 1.215. ముద్దవడానికి ఇంకా 0.115 ఉంది. కనీసం 0.060 ఉండాలి కాబట్టి ఇది భద్రమే. నేనైతే ఇక్కడ 0.030 షిమ్ము వేసి 1.770కి తెస్తాను. సీటు ప్రెషర్ 139 అవుతుంది, బూస్ట్‌కు ఆ తొమ్మిది పౌండ్లు ఉపయోగం. ఖాళీ 0.085కు తగ్గుతుంది, అదీ మంచికే. చుట్ల మధ్య మరీ ఎక్కువ చోటు వదిలేస్తే అవి కొట్టుకోవడానికి వీలు ఇచ్చినట్టే.

మూడోది చాలామంది మర్చిపోతారు. వాల్వ్ పూర్తిగా తెరిచినప్పుడు రిటైనర్ అడుగుకీ సీలు తలకీ మధ్య కనీసం 0.050 ఉండాలి. లేకపోతే రిటైనర్ సీలును నలిపేస్తుంది, నెల తిరక్కుండా నీలం పొగ మొదలవుతుంది.

టెస్టర్ మీ దగ్గర లేకపోతే ఆటోనగర్ పద్ధతి ఒకటుంది. నాన్న దగ్గర కూడా టెస్టర్ ఉండేది కాదు. ఒక స్ప్రింగును ఆనవాలుగా పెట్టుకుని, మిగతావాటిని ఒక్కొక్కటే దానికి ఎదురుగా బెంచి వైసులో పెట్టి, మధ్యలో చిన్న రేకు ఉంచి మెల్లగా బిగించేవాడు. రెండింటి మీదా పడేది ఒకే బలం. ఏది బలహీనమో అది ఎక్కువ అణుగుతుంది. స్కేలు పెట్టి రెండింటి పొడవూ కొలిస్తే చాలు. ఎన్ని పౌండ్లో చెప్పదు కానీ, సెట్టులో దొంగ ఎవరో చెబుతుంది. కళ్లద్దాలు పెట్టుకోండి, వైసుకు ఎదురుగా నిలబడకండి. అలాగే ప్రతి స్ప్రింగునూ అద్దం పలక మీద నిలబెట్టి మూలమట్టం ఆనించండి. పైభాగం ఒకటిన్నర మిల్లీమీటర్ల కన్నా ఎక్కువ వాలితే వెనక్కి పంపేయండి.

హెడ్లు దించకుండానే మార్చుకోవాలంటే, ప్లగ్గు రంధ్రంలోంచి శుభ్రమైన నైలాన్ తాడు లోపలికి దోపి, కొస బయట ఉంచి, పిస్టన్‌ను చేత్తో పైకి తిప్పండి. తాడు కట్ట వాల్వును కింది నుంచి ఆపుతుంది. గాలి ప్రెషర్ కన్నా నాకు దీని మీదే నమ్మకం, కంప్రెసర్ ఆగిపోతే వాల్వ్ జారిపోతుందన్న టెన్షన్ ఉండదు. రిటైనర్‌ను కాడకు పట్టే చిన్న లాక్స్ తీసేటప్పుడు అయస్కాంతం దగ్గర పెట్టుకోండి, హెడ్డులోని నూనె దారులకు గుడ్డ అడ్డం పెట్టండి. రాకర్ బోల్టులు 22 అడుగు-పౌండ్లకు బిగించాలి. పుష్ రాడ్లు కనీసం 0.080 మందం గోడ ఉన్నవి తీసుకోండి, మెత్తటి పుష్ రాడ్డు వంగితే ఎంత మంచి స్ప్రింగైనా వాల్వును అదుపులో పెట్టలేదు. పొడవు మాత్రం కొలిచాకే ఆర్డర్ పెట్టండి.

మొదటిసారి స్టార్ట్ చేశాక ఒక పావుగంట మామూలు వేగంలో నడిపి, పూర్తిగా చల్లారనివ్వండి. వెంటనే 6,800కి లాగకండి. కొత్త స్ప్రింగు మొదటి వేడికి నాలుగైదు పౌండ్లు దిగడం సహజం, కంగారు పడొద్దు. ఏడాదికోసారి రెండు స్ప్రింగులు తీసి కొలవండి. మొదట రాసుకున్న అంకెకన్నా పది శాతం తగ్గితే సెట్టు మొత్తం మార్చే టైమ్ వచ్చినట్టు. మీ వాడకంలో అది త్వరగా రాదు.

డబుల్ స్ప్రింగులు పనికిరానివని నేను అనడం లేదు. లిఫ్ట్ 0.600 బాగా దాటినా, 7,000 పైన రోజూ తిప్పినా, బూస్ట్ 20 దగ్గరికి వెళ్లినా అవే వేయాలి. బయటిది విరిగినా లోపలిది వాల్వును పట్టుకుంటుంది, అది చిన్న భరోసా కాదు. రేపు పెద్ద టర్బోకు వెళ్లాలన్న ఆలోచన గట్టిగా ఉంటే ఇప్పుడే చెప్పండి, అప్పుడు రాకర్లు, లిఫ్టర్లతో కలిపి లెక్క వేరుగా వేద్దాం.

ఇవన్నీ కొనే ముందు ఒక పని చేయండి. మీ హెడ్ల మీద నంబరు చూడండి. అది 706 అయి, రాకర్ల కింద కాస్టెక్ (ఆ హెడ్లు పోత పోసిన కంపెనీ) గుర్తు ఉంటే, ఆ హెడ్లలో కొన్ని మధ్యలో నూనె దిగే దారుల దగ్గర సన్నగా పగిలి, కూలెంట్‌ను ఆయిల్‌లోకి వదులుతాయి. బయటికి చుక్క కూడా కారదు. దగ్గర్లోని మెషిన్ షాపులో ప్రెషర్ టెస్ట్ చేయించండి. హెడ్లు బాగున్నాయని తేలాక బిగించిన ఎత్తులు కొలిచి, ఆ పదహారు అంకెలూ, క్యామ్‌తో వచ్చే కొలతల కార్డు ఫొటోతో పాటు ఇక్కడ పెట్టండి. ఏ స్ప్రింగు, ఎక్కడ ఎంత షిమ్ము అన్నది చూసి చెబుతాను.